కార్డు మీది తేదీ ఒక్కటే చాలదు: అమెరికాలో టీపీఎస్ ఉద్యోగుల పని అనుమతిని సరిచూసుకోవడం ఎలా

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, యూలెస్ వంటి పట్టణాల్లో తెలుగువారూ, నేపాలీలూ పక్కపక్కనే స్థిరపడ్డారు. మనవాళ్లు నడిపే గ్యాస్ స్టేషన్లు, హోటళ్లు, చిన్న దుకాణాల్లో నేపాలీ ఉద్యోగులు కనబడటం అక్కడ మామూలు విషయం. అలాంటి కొన్ని చిన్న వ్యాపారాలకు ఐ-9 ఫైళ్లు, అంటే ఉద్యోగికి పనిచేసే హక్కు ఉందని సరిచూసి నింపే ఫారాలు, చూసిపెట్టే పనిలో నాకు పదే పదే ఎదురైన ప్రశ్న ఒకటే: "కార్డు గడువు అయిపోయింది, ఇతన్ని పనిలో ఉంచుకోవచ్చా?" ఒక యజమాని ఈ ప్రశ్న అడగకుండానే, చట్టప్రకారం ఇంకా నెలల పాటు పనిచేసే హక్కు ఉన్న మనిషిని ఇంటికి పంపేశారు. మరొకరు కార్డు మీద తేదీ ఇంకా ఉంది కదా అని, అప్పటికే రద్దయిన అనుమతితో ఉద్యోగిని కొనసాగించారు. ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే, కార్డు మీద అచ్చయిన తేదీ దగ్గరే ఆగిపోవడం.

తాత్కాలిక రక్షణ హోదాను అందరూ టీపీఎస్ అనే అంటారు. 1990 నాటి వలస చట్టంతో ఇది వచ్చింది. యుద్ధమో, భూకంపమో, మరో అసాధారణ విపత్తో వచ్చి తిరిగి వెళ్లడం సురక్షితం కాని దేశాన్ని అమెరికా ప్రభుత్వం 6, 12 లేదా 18 నెలల చొప్పున ప్రకటిస్తుంది, ఆ గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు పొడిగించాలా, రద్దు చేయాలా అన్నది తేల్చాలి. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపం తర్వాత నేపాల్‌కు ఆ ఏడాది జూన్‌లో ఈ హోదా దక్కింది. భారతదేశానికి ఇది ఎన్నడూ ప్రకటించలేదు కాబట్టి, తెలుగువారికి ఈ వ్యవహారంతో సంబంధం ఎక్కువగా యజమానులుగా, జీతాల లెక్కలు చూసేవారిగా, తోటి ఉద్యోగులుగా ఏర్పడుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా వారి కోసం, కార్డు చేతిలో పట్టుకుని ఆందోళనతో మీ దగ్గరికి వచ్చే ఉద్యోగి కోసం కూడా.

మొదటి అడుగు: కార్డు మీది కేటగిరీ చూడండి

పని అనుమతి కార్డును, అంటే ఈఏడీని, తీసుకోగానే చూపు ముందు గడువు తేదీ మీదికి పోతుంది. దాన్ని ఒక్క నిమిషం పక్కన పెట్టి, ముందువైపు కేటగిరీ అని ఉన్న చోట ఏ కోడ్ ఉందో చూడండి. టీపీఎస్ మంజూరైనవారికి ఏ-12 ఉంటుంది. టీపీఎస్ దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉండి, ప్రాథమికంగా అర్హులని తేలినవారికి సీ-19 ఉంటుంది. మానవతా కారణాలతో పెరోల్ మీద, అంటే తాత్కాలిక ప్రవేశ అనుమతితో, దేశంలోకి వచ్చినవారిది సీ-11, ఆశ్రయం దరఖాస్తు పెండింగులో ఉన్నవారిది సీ-08. మన ఇళ్లలో కనిపించే, హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు ఇచ్చే హెచ్-4 ఈఏడీ సీ-26.

ఈ కోడ్ ఎందుకు ముఖ్యమంటే, ఒకే తేదీ ఉన్న రెండు కార్డులకు రెండు వేర్వేరు నియమాలు వర్తించవచ్చు. ఏ-12, సీ-19 కార్డులకు ప్రభుత్వ నోటీసు ద్వారా గడువు దానంతటదే పెరిగే అవకాశం ఉంది, హెచ్-4 కార్డుకు ఆ దారి లేదు. పెరోల్ సంగతి ఇంకా వేరు. క్యూబా, హైతీ, నికరాగ్వా, వెనెజువెలా దేశాల పెరోల్ కార్యక్రమాన్ని 2025 మార్చిలో ప్రభుత్వం ముగించింది, దాన్ని ఆపిన కింది కోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు మే 30న పక్కన పెట్టింది, ఆ తర్వాత ఆ పెరోల్ ఆధారంగా ఇచ్చిన సీ-11 కార్డులు కూడా రద్దయ్యాయి. వాటి మీద అచ్చయిన తేదీ మాత్రం అలాగే మిగిలింది.

రెండవ అడుగు: ఆ దేశానికి సంబంధించిన నోటీసు చదవండి

అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో టీపీఎస్ ఉన్న ప్రతి దేశానికీ విడి పేజీ ఉంటుంది, అక్కడి నుంచి ప్రభుత్వ అధికారిక గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయిన నోటీసుకు లింకు ఉంటుంది. వార్తాపత్రికల శీర్షికలు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే బొమ్మలు దీనికి ప్రత్యామ్నాయం కావు. నోటీసు పొడవు చూసి బెదరనక్కర లేదు, దానిలో మీకు కావలసినవి మూడు తేదీలే: హోదా ఎప్పటివరకు, మళ్లీ నమోదు చేసుకునే గడువు ఏ రోజు నుంచి ఏ రోజు వరకు, పాత కార్డులు ఏ తేదీ వరకు చెల్లుతాయి. ఈ మూడూ సాధారణంగా ఒకటి కావు, చాలామంది తికమకపడేది కూడా ఇక్కడే.

ఎల్ సాల్వడార్ ఉదాహరణ తీసుకుందాం. 2025 జనవరి 17న వచ్చిన నోటీసు ఆ దేశస్థుల హోదాను 2026 సెప్టెంబర్ 9 వరకు పొడిగించింది. మళ్లీ నమోదు చేసుకోవడానికి ఇచ్చిన గడువు జనవరి 17 నుంచి మార్చి 18 వరకు, సరిగ్గా 60 రోజులు. అదే నోటీసు పాత కార్డులను 2026 మార్చి 9 వరకు పొడిగించింది. అంటే 2025 మార్చి 9 అని తేదీ ఉన్న ఏ-12 కార్డు, చూడటానికి గడువు తీరినదే అయినా, ఆ తర్వాత ఒక ఏడాది పాటు నిక్షేపంగా చెల్లింది. అయితే అది హోదా ముగిసే రోజు వరకు చెల్లుతుందని అనుకున్నవారు ఆరు నెలలు ఎక్కువ లెక్క వేసుకున్నట్టే.

ఒక దేశం నోటీసును మరో దేశానికి అన్వయించకండి. నోటీసులో ఏ తేదీలున్న కార్డుల గడువు పెరిగిందో స్పష్టంగా రాసి ఉంటుంది. మీ ఉద్యోగి కార్డు మీది తేదీ ఆ వరుసలో ఉందో లేదో వేలుపెట్టి చూసుకోవాలి.

మూడవ అడుగు: 2025లో మారిన నియమాలను లెక్కలోకి తీసుకోండి

కొన్నేళ్లుగా ఈ రంగంలో పనిచేసేవారికి ఒక అలవాటు స్థిరపడింది: గడువులోగా రెన్యువల్ వేస్తే చాలు, రశీదు చూపించి 540 రోజుల దాకా పనిచేసుకోవచ్చు. ఆ అలవాటును ఇప్పుడు వదులుకోవాలి.

2025 జూలై 4న సంతకమైన చట్టం మూడు మార్పులు తెచ్చింది, వాటి అమలు జూలై 22న మొదలైంది. టీపీఎస్, పెరోల్ ఆధారంగా ఇచ్చే కార్డు ఇకపై ఒక ఏడాదికి, లేదా ఆ హోదా మిగిలి ఉన్న కాలానికి, ఏది తక్కువైతే దానికే పరిమితం. టీపీఎస్ వాళ్ల కార్డు గడువు దానంతటదే పెరిగే కాలానికీ అదే పరిమితి పెట్టారు. మూడవది రుసుము. పాత రుసుముల మీద అదనంగా, మొదటిసారి కార్డుకు 550 డాలర్లు, రెన్యువల్‌కు 275 డాలర్లు వేశారు, ద్రవ్యోల్బణం లెక్కన ఇవి 2026 జనవరి 1 నుంచి 560, 280 డాలర్లయ్యాయి. ఈ అదనపు సొమ్ముకు పేదరికం కారణంగా మాఫీ కోరే వీలు లేదు. గంటకు పది పన్నెండు డాలర్లు సంపాదించే మనిషికి ఏటా ఈ భారం ఎంతటిదో యజమానులు గుర్తించాలని నా మనవి. దరఖాస్తు ఆలస్యం కావడానికి నిర్లక్ష్యం కన్నా డబ్బు లేకపోవడమే కారణమైన సందర్భాలు నేను చాలా చూశాను.

దాని తర్వాత 2025 అక్టోబర్ 30న మరో నిబంధన వచ్చింది. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ దాఖలు చేసిన రెన్యువల్ దరఖాస్తులకు, రశీదు ఆధారంగా దక్కే పొడిగింపు పోయింది. హెచ్-4 కార్డు ఉన్న మన తెలుగు కుటుంబాలను గట్టిగా తాకింది ఈ మార్పే. టీపీఎస్ వారికి మాత్రం ఒక మినహాయింపు మిగిలింది: ఫెడరల్ రిజిస్టర్ నోటీసు స్వయంగా పొడిగింపు ఇస్తే అది చెల్లుతుంది. అందుకే రెండవ అడుగులో చెప్పిన నోటీసు చదవడం ఇప్పుడు మునుపటి కన్నా ఎక్కువ అవసరం. రశీదు చేతిలో ఉంటే, దాని మీది దాఖలు తేదీ అక్టోబర్ 30కి ముందుదా, తర్వాతదా అన్నది తప్పక చూడండి.

నాలుగవ అడుగు: దరఖాస్తు వేయడం

ఇది ఉద్యోగి పని, యజమాని చేయవలసింది కాదు. కానీ నలుగురు ఉద్యోగులున్న దుకాణంలో ఈ సమాచారం చెప్పేది చాలాసార్లు యజమానే.

హోదాను నిలుపుకోవడానికి మళ్లీ నమోదు చేసుకునే ఫారం ఐ-821, పని కార్డుకు వేసే ఫారం ఐ-765. ఐ-821 వేసి ఐ-765 మానేస్తే హోదా ఉంటుంది గానీ కొత్త కార్డు రాదు. ఐ-765 ఒక్కటే వేసి మళ్లీ నమోదు మానేస్తే హోదాకే ముప్పు. నమోదు గడువు దాటిపోతే తగిన కారణం చూపి ఆలస్యంగా వేయవచ్చు, కానీ ఆ కారణం ఎంత బలంగా ఉన్నా నిర్ణయం అధికారి చేతిలో ఉంటుంది.

ఐ-765 మూల రుసుము ఆన్‌లైన్‌లో 470 డాలర్లు, కాగితం మీద 520. దీనికి పైన చెప్పిన 280 కలిపితే రెన్యువల్ ఖర్చు ఆన్‌లైన్‌లో 750, కాగితం మీద 800 డాలర్లవుతుంది. మూల రుసుముకు మాఫీ కోరేవారు ఐ-912 జతచేసి కాగితం మీదే పంపాలి, అదనపు సొమ్ము మాత్రం కట్టక తప్పదు. రుసుములు మారుతూ ఉంటాయి కాబట్టి, పంపే రోజున యూఎస్‌సీఐఎస్ రుసుముల పట్టిక జీ-1055 తెరిచి చూసుకోండి. 2025 అక్టోబర్ 28 తర్వాత ఆ సంస్థ సాధారణంగా చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. కాగితం మీద పంపేవారు క్రెడిట్ కార్డుకు జీ-1450, బ్యాంకు ఖాతా నుంచి చెల్లింపుకు జీ-1650 జతచేయాలి. పాత పద్ధతిలో మనీ ఆర్డర్ పెట్టి పంపిన దరఖాస్తు తిరిగి వచ్చేసరికి గడువు దాటిపోతే, ఆ నష్టాన్ని పూడ్చడం కష్టం.

ఇల్లు మారితే పది రోజుల్లో ఏఆర్-11 ద్వారా కొత్త చిరునామా తెలియజేయాలి. చిన్న విషయంగా కనబడుతుంది గానీ, కార్డు పాత అపార్ట్‌మెంటు డబ్బాలో పడి తప్పిపోవడం కన్నా బాధాకరమైనది ఈ వ్యవహారంలో మరొకటి లేదు.

దరఖాస్తు నింపిపెడతామనే సలహాదారుల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. వలస చట్టంపై సలహా ఇవ్వడానికి అర్హత ఉన్నది లైసెన్సు ఉన్న న్యాయవాదులకు, అమెరికా న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులకు మాత్రమే. పన్నుల రిటర్నులు వేసే వ్యక్తి ఎంత మంచివాడైనా ఈ పనికి తగినవాడు కాదు.

ఐదవ అడుగు: ఐ-9 ఫైలును సరిచేయడం

కొత్తగా చేరే ఉద్యోగి మొదటి భాగాన్ని పనిలో చేరిన రోజుకల్లా, యజమాని రెండవ భాగాన్ని మూడు పనిదినాల్లో పూర్తిచేయాలన్నది అందరికీ తెలిసినదే. కార్డు గడువు నోటీసు ద్వారా పెరిగి ఉంటే, మొదటి భాగంలో ఉద్యోగి అనుమతి ముగిసే తేదీగా పొడిగించిన తేదీనే రాస్తారు, రెండవ భాగంలో యజమాని కూడా అదే రాయాలి.

ఇప్పటికే పనిచేస్తున్న ఉద్యోగి విషయంలో, కార్డు మీది పాత తేదీ రాకముందే ఫైలు తీసి, రెండవ భాగంలోని అదనపు సమాచారం పెట్టెలో ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో ఈఏడీ అనీ, పక్కన ఈ, ఎక్స్, టీ అనీ రాసి, పొడిగింపు ముగిసే తేదీ వేసి, మీ పొడి సంతకంతో పాటు ఆ రోజు తేదీ కూడా వేయాలి. అంతే, ఆ దశలో కొత్త పత్రాలు అడగనక్కర లేదు. పొడిగింపు కూడా ముగిసే రోజు వచ్చినప్పుడు ఐ-9కి జతచేసే సప్లిమెంట్-బి మీద మళ్లీ సరిచూడాలి, ఒకప్పుడు మూడవ భాగం అని పిలిచింది దీన్నే. నేను ప్రతి ఫైలుకూ క్యాలెండరులో మూడు హెచ్చరికలు పెట్టుకుంటాను: 180 రోజుల ముందు, 90 రోజుల ముందు, 30 రోజుల ముందు. మొదటిది వచ్చిన రోజే ఉద్యోగికి మర్యాదగా, వీలైతే రాతపూర్వకంగా తెలియజేస్తాను, ఎందుకంటే రెన్యువల్ సాధారణంగా 180 రోజుల ముందు నుంచి వేయవచ్చు, టీపీఎస్ వారు మాత్రం తమ దేశం నోటీసులోని గడువునే పాటించాలి.

ఏ పత్రం చూపాలన్నది ఉద్యోగి ఇష్టం. టీపీఎస్ ఉన్న మనిషికి ఈలోగా గ్రీన్ కార్డు వచ్చి ఉండవచ్చు, మరో హోదా దక్కి ఉండవచ్చు. సప్లిమెంట్-బి కోసం ఆయన పని హక్కును రుజువు చేసే, ఐ-9 జాబితా-ఏ లేదా జాబితా-సిలో చెల్లే పత్రం ఏది చూపినా, అది నిజమైనదిగా, ఆయనదిగా కనిపిస్తే తీసుకోవలసిందే. "కొత్త ఈఏడీయే తే" అనడం, ఏ దేశస్థుడో రుజువు చూపమనడం, టీపీఎస్ మంజూరైన కాగితం అడగడం చట్టవిరుద్ధమైన వివక్ష కిందికి వస్తాయి. పని హక్కు సోషల్ సెక్యూరిటీ కార్డుతో చూపదలచుకుంటే, దాని మీద హోంలాండ్ సెక్యూరిటీ అనుమతితో మాత్రమే చెల్లుతుందన్న పరిమితి ముద్రించి ఉండకూడదు.

సందేహం ఉన్న యజమానులు న్యాయశాఖలోని వలస, ఉద్యోగ హక్కుల విభాగానికి 1-800-255-8155 నంబరుకు, ఉద్యోగులు 1-800-255-7688 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పేరు చెప్పకుండానే అడగవచ్చు. భయంతో ఒక మనిషిని తీసేసే ముందు పావుగంట ఈ ఫోను కోసం వెచ్చించండి.

ఆరవ అడుగు: ఈ-వెరిఫై వాడేవారికి

ఉద్యోగి పని హక్కును ప్రభుత్వ రికార్డులతో ఆన్‌లైన్‌లో సరిపోల్చే వ్యవస్థ ఈ-వెరిఫై. ఇది కొత్తగా చేరేవారి కోసం మాత్రమే, పాత ఉద్యోగి గడువు పెరిగినప్పుడో, మళ్లీ సరిచూసేటప్పుడో దానిలో కొత్త కేసు తెరవకూడదు. అయితే 2025 జూన్ నుంచి అందులో హోదా మార్పుల నివేదిక ఒకటి కనిపిస్తోంది. ఏ కార్డులు రద్దయ్యాయో అది చెబుతుంది. యజమానే లాగిన్ అయి తరచూ చూసుకోవాలి. అందులో మీ ఉద్యోగి కేసు కనబడితే, ముందు ఐ-9 నింపినప్పుడు ఆయన చూపింది ఆ కార్డేనా అని ఫైలు చూడండి. అదే అయితే సప్లిమెంట్-బి మీద, చెల్లే వేరే పత్రం ఏదైనా ఉందా అని అడిగి, సహేతుకమైన సమయం ఇవ్వాలి. నివేదిక చూసిన మరుక్షణం గెంటివేయడం తప్పు, చూసి కూడా పక్కన పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే అనుమతి లేదని తెలిసీ పనిలో ఉంచుకున్నారన్న అభియోగం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఏడవ అడుగు: రద్దు, కోర్టు తీర్పుల మధ్య తేదీ తేల్చుకోవడం

నేపాల్ టీపీఎస్ రద్దు నోటీసు 2025 జూన్‌లో వచ్చింది, అది ఆగస్టు 5 నుంచి అమలు కావాలి. జూలై 31న కాలిఫోర్నియాలోని ఫెడరల్ జిల్లా కోర్టు ఆ రద్దును వాయిదా వేసింది. ఆగస్టు 20న తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాయిదాను నిలిపివేసింది. డిసెంబర్ 31న జిల్లా కోర్టు ఆ రద్దునే చెల్లదని తీర్పు చెప్పింది. హోండురాస్, నికరాగ్వా దేశస్థుల కథ కూడా ఇదే వ్యాజ్యంలో ముడిపడి ఉంది. ఆ తర్వాత కూడా పోరాటం పై కోర్టులో సాగింది. మూడు వారాల్లో ఒకసారి, నాలుగు నెలల్లో మరోసారి ఒక మనిషి పనిచేసే హక్కు తలకిందులైతే, ఆ ఇంట్లో అద్దె ఎలా కట్టారో, పిల్లల ఫీజులు ఎలా కట్టారో ఊహించుకోండి.

వెనెజువెలా విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2026 అక్టోబర్ 2 అని తేదీ ఉన్న కార్డులు ఇద్దరి చేతుల్లో ఉండవచ్చు. 2025 ఫిబ్రవరి 5 నాటికి గానీ, అంతకు ముందు గానీ వాటిని పొందినవారి పత్రాలు కోర్టు ఉత్తర్వు ప్రకారం నిలిచాయి, తర్వాత పొందినవారివి నిలవలేదు. ఒకే దేశం, ఒకే తేదీ, ఒకే కోడ్ ఉన్నా, తేడా తెచ్చింది కార్డు అందిన రోజు.

కాబట్టి కోర్టు వార్త వినగానే చేయవలసింది ఒకటే. యూఎస్‌సీఐఎస్‌లో ఆ దేశం పేజీ తెరిచి, అక్కడ రాసినదాన్ని ఆ రోజు తేదీ పడేలా ప్రింటు తీసి ఐ-9తో పాటు దాచండి. మీరు ఆ రోజు ఏ సమాచారం మీద ఆధారపడి నిర్ణయం తీసుకున్నారో రేపు తనిఖీకి వచ్చినవారికి చూపగలిగింది ఆ కాగితమే. ప్రతి తీర్పుకూ ప్రింటు తీయాలి, పాతదాన్ని పారేయకూడదు.

చివరి రోజు నిజంగానే వస్తే

చూపడానికి చెల్లే పత్రం ఏదీ లేకపోతే పని ఆపించక తప్పదు. అయినా ఆనాటి వరకు చేసిన పనికి వేతనం పూర్తిగా ఇవ్వాలి. అనుమతి ముగిసిందన్న సాకుతో ఆ డబ్బు ఆపే హక్కు ఎవరికీ లేదు. వేతనం లేని సెలవు ఇవ్వగలిగితే ఇవ్వండి. కొత్త కార్డు వస్తే, ఐ-9 నింపిన నాటి నుంచి మూడేళ్లలోపు అయితే అదే ఫారం సప్లిమెంట్-బితో మళ్లీ తీసుకోవచ్చు. ఉద్యోగం మానినవారి ఐ-9ను, చేరిన రోజు నుంచి మూడేళ్లు, మానిన రోజు నుంచి ఏడాది, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే అంతవరకు దాచాలి.

ఉద్యోగి ఈలోగా న్యాయవాదిని కలవాలి. టీపీఎస్ ఉన్నంత మాత్రాన చట్టబద్ధంగా ప్రవేశించినట్టు కాదని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తేల్చినా, వీసాతో వచ్చినవారికి, అమెరికా పౌరులైన భార్యో భర్తో పిల్లలో ఉన్నవారికి, ఆశ్రయం కోరదగిన కారణం ఉన్నవారికి వేరే దారులు ఉండవచ్చు. చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు గడువు కూడా ఈ హోదాతో ముడిపడి ఉంటుంది కాబట్టి దాని తేదీ కూడా అదే రోజు చూసుకోవాలి. న్యాయవాది దగ్గరికి వెళ్లేటప్పుడు పాత కార్డులన్నీ, ప్రతి ఐ-797 రశీదూ, దేశంలోకి ప్రవేశించిన నాటి ఐ-94 అనే ప్రవేశ రికార్డు కాపీ తీసుకువెళ్లమనండి. యజమానిగా మీరు చేయగల సాయం, ఆ రోజు జీతం కోయకుండా సెలవు ఇవ్వడం.